గుడ్డ పట్టుకున్న చెయ్యి

బడి వంటగదిలో గిన్నెలన్నీ కడిగి బోర్లించేసరికి మధ్యాహ్నం రెండయ్యేది. జనవరిలో, ధ్రువానికి దగ్గరి ఆ ఉత్తరాది ఊళ్ళో అప్పటికే పొద్దు వాలిపోతుంది. మరీటా ఇల్లు చేరేసరికి చీకటి. కోటు విప్పి, మొగుడి నీలం డాంగ్రీ తొడుక్కుని, కాళ్ళ దగ్గర రెండు మడతలు పెట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని తిన్నగా గరాజుకి వెళ్ళిపోయేది. ఇంట్లో కూర్చుంటే ఏముంది? గోడలు మీదికొచ్చి పడుతున్నట్టు ఉంటుంది.

గరాజులో తెల్లటి ఫైర్‌బర్డ్ ఉంది. పాత అమెరికా స్పోర్ట్స్ కారు. ఆ చుట్టుపక్కల ఇలాంటి బండి ఉన్నవాళ్ళంతా చలికాలం పొడుగునా దాన్ని విప్పుతూ బిగిస్తూ గడిపి, వేసవి మూణ్ణెల్లూ రోడ్డు మీద ఊరేగిస్తారు. హోకన్ కూడా అంతే. అందులో సగం పిచ్చి పెళ్ళానికి కూడా అంటించాడు. పెళ్ళయిన కొత్తలో స్పానర్ ఏదో స్క్రూడ్రైవర్ ఏదో తెలియని మనిషి, ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి కళ్ళు మూసుకుని కార్బురేటర్ విప్పే స్థితికి వచ్చింది.

హోకన్ అక్టోబరులో పోయాడు. కిరాణా కొట్టులో వరసలో నిలబడి, చేతిలో పాల ప్యాకెట్టుతో, ఉన్నవాడు ఉన్నట్టు కూలిపోయాడు. గుండె. అంత్యక్రియలు అయిన కొద్ది రోజులకి పోస్టు మనిషి ఓ పొడుగాటి అట్టపెట్టె మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొత్తగా వచ్చినవాడు, పాపం, తెలియదు. "హోకన్ ఉన్నాడా అండీ?" అన్నాడు. "ఇప్పుడు లేడు," అంది మరీటా. సంతకం పెట్టి పెట్టె లోపలికి లాక్కుంది.

అందులో ఉన్నవి, హోకన్ పోకముందు ఆర్డరు పెట్టిన హెడర్లు. ఇంజన్‌కి ఇరుపక్కలా పొగ బయటికి పోవడానికి కంపెనీవాళ్ళు ఓ మొద్దు పోత ఇనుము ముక్క బిగిస్తారు. దాన్ని పీకేసి, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో పొడుగాటి గొట్టం చొప్పున పెట్టి, ఒక్కో పక్క నాలుగింటినీ కింద ఒకటిగా కలిపితే అవి హెడర్లు. ఇంజన్ ఊపిరి తేలికపడుతుంది. గొంతు మారిపోతుంది. ఆ గొంతు కోసం హోకన్ ఎన్నేళ్ళు కలవరించాడో చెప్పలేం. తమాషా ఏమిటంటే, అతనికి చెవుడు. సామిల్లులో పాతికేళ్ళు రంపాల పక్కన నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. చెవిటివాడికి బండి గొంతుతో పనేమిటని ఊరంతా నవ్వేది. "చెవులున్నవాళ్ళు చెవుల్తో వినండి. నాకు రొమ్ములో వినపడుతుంది," అని ఎదురు నవ్వేవాడు.

అందుకే మరీటా ఆ పని నెత్తికెత్తుకుంది. హోకన్‌ని శవపేటికతో సహా దహనం చేశారు గానీ, బూడిద ఇంకా మట్టిలో పెట్టలేదు. నేల రాయిలా గడ్డకట్టి ఉంది, మే నెలలో కరిగేదాకా ఆగమన్నారు. ఆ రోజు చర్చికి ఈ బండిలోనే వెళ్ళాలి, ఆ గొంతుతోనే వెళ్ళాలి. అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పేది. చెప్పని మాట ఇంకొకటి ఉంది. పని నడుస్తున్నంత కాలం హోకన్ ఇంట్లోనే ఉన్నట్టుండేది. స్పానర్ తీసుకోబోతే అతను పెట్టిన చోట దొరికేది. తుప్పు పట్టిన బోల్టు కదలకపోతే అతని బూతులే తన నోటికి వచ్చేవి. పని అయిపోతే? అప్పుడు నిజంగానే పోతాడు. ఆ ఊహ వస్తే చాలు, ఆమెకి ఊపిరాడేది కాదు.

ఆ రోజు సాయంత్రం పక్కింటి స్టూరె వచ్చాడు. డెబ్భై దాటిన ముసలాయన, భార్య పోయి చాలా కాలమైంది. బూట్ల మంచు గుమ్మానికేసి తన్ని లోపలికి వచ్చాడు.

"ఏం అమ్మాయ్, ఇంకా ఆ ఇనుముతోనే కాపురమా?"

"వచ్చావా ముసలోడా? కాఫీ వాసన తగిలితే చాలు నీకు. పోసుకో, నా చేతులకి గ్రీజుంది."

స్టూరె కప్పులో జున్నుముక్కలు వేసుకుని మీద కాఫీ పోసుకున్నాడు. అక్కడ అలాగే తాగుతారు. వంగి ఇంజన్ వైపు చూశాడు.

"ఎడమ పక్కది కూడా ఎక్కించేశావే!"

"ఊరికే ఎక్కిందా? స్టీరింగ్ కడ్డీ అడ్డం. దాన్ని విప్పి, హెడరు కింద నుంచి దూర్చి, మళ్ళీ కడ్డీ బిగించా. నా మోచేతులు చూడు, తోలు మిగల్లేదు."

"హోకన్ అయితే ఈపాటికి సుత్తి అందుకునేవాడు."

"హోకన్ అయితే ఈపాటికి నన్ను పిలిచేవాడు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలియలేదు. స్టూరె కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"అయితే ఇవాళే స్టార్ట్ చేస్తావా?"

మరీటా పెదాలు దగ్గరికి తెచ్చి, చటుక్కున కాస్త గాలి లోపలికి పీల్చింది. స్స్‌ప్, అని. ఆ ప్రాంతం వాళ్ళు అవును అనడానికి నోరు తెరవరు. ఆ పీల్పే వాళ్ళ అవును. చలికి మాటలు దాచుకుంటారని మిగతా దేశం వాళ్ళని వెక్కిరిస్తుంది.

స్టూరె లేచి, వెనక ఉన్న రెండు సైలెన్సర్ గొట్టాలకీ రెండు లావుపాటి రబ్బరు గొట్టాలు తొడిగి, క్లిప్పులు బిగించాడు. వాటి రెండో కొసలు గోడకున్న కంతలోంచి బయటికి పోతాయి. పెద్ద తలుపు మంచులో కూరుకుపోయి తెరుచుకోదు. పక్క తలుపు కొంచెం తెరిచి, మూసుకుపోకుండా సందులో కట్టెమొద్దు పెట్టాడు.

"ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఈ మొద్దు తియ్యకు. ఆ పొగతో ఆటలొద్దు. నిద్దరలా వచ్చి పట్టుకుపోతుంది."

"నాకా చెప్తున్నావు?"

"నీకే. నీ కళ్ళు చూస్తుంటే చెప్పాలనిపించింది. ఓ పని చెయ్యి, నేనొచ్చేదాకా ఆగు. పొయ్యి మీద బంగాళదుంప ముద్దలు ఉడుకుతున్నాయి. ఇప్పుడు దించకపోతే చిట్లి లోపలి మాంసమంతా నీళ్ళపాలవుతుంది. నీకు కూడా నాలుగు పట్టుకొస్తా."

"వెళ్ళు వెళ్ళు. ఆగుతాలే."

ఆగలేదు. ఆ గొంతు మొదటిసారి వినేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండటం ఆమెకి ఇష్టం లేదు. హోకన్ తప్ప.

తాళం తిప్పింది. ఇంజన్ రెండుసార్లు గొణిగి అందుకుంది.

ఎలా చెప్పాలి! ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన బండి, ఎన్నడూ ఎరగని గొంతుతో పలికింది. నేల అదిరింది. బల్ల మీద మేకుల డబ్బా గలగలమంది. కడుపులోంచి రొమ్ములోకి ఎక్కింది ఆ మోత. రొమ్ములో వినపడుతుందని అతను అన్నది ఇదేనా అనుకుంది మరీటా. వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. ముందు చక్రం పైనున్న ఫెండర్ రేకు మీద చేతులు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇది వినాల్సినవాడు వినలేదు. అంతకన్నా అన్యాయం ఏముంది?

కొత్త హెడర్ల మీది రంగు కాలి పల్చటి పొగ లేచింది. కాలిన నూనె వాసన, కొత్త ఇనుము వాసన. అది మామూలే. ముక్కు తుడుచుకుని, కళ్ళు మూసుకుని ఇంజన్ దగ్గర చెవి పెట్టింది. మోత అడుగున ఎక్కడో చిన్న శబ్దం. టిక్. టిక్. టిక్. ఏదో అతుకు మధ్య గాస్కెట్ సందులోంచి పొగ తప్పించుకుంటోంది. ఎడమ పక్కే. కానీ ఏ బోల్టు దగ్గర?

దానికి వాళ్ళిద్దరి పద్ధతి ఒకటుంది. హోకన్ రబ్బరు గొట్టాలు ఊడదీసి, వెనక మోకాళ్ళ మీద కూర్చుని, తోలు తొడుగులు వేసుకుని, రెండు తడిగుడ్డలు రెండు సైలెన్సర్లకీ అదిమి పట్టుకునేవాడు. వెనక దారి మూసుకుపోతే పొగ ముందు లీకున్న చోట బుస్సుమంటుంది. ముందు నిలబడ్డ మరీటా చెవి ఇట్టే పట్టేసేది. చెవులు ఆమెవి, చేతులు అతనివి. దొరికాక ఎంత అరిచినా ఆ చెవిటి మహారాజుకి వినపడదు గనక, బండి మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేది. ఆ అదురు చేతికి తగలగానే అతను గుడ్డలు వదిలేవాడు. ఒక్కనాడూ రెండో క్షణం పట్టుకోలేదు.

ఇప్పుడు వెనక ఎవరూ లేరు. స్టూరె రావాలి. కానీ అలవాటు చెడ్డది. చెవి ఇంజన్ మీదే ఉంచి, నోరు దానంతటది అనేసింది.

"ఆఁ, పట్టు."

ఇంజన్ గొంతు నొక్కుకుపోయింది.

మోత లోపలికి అణిగింది. వెనక దారి మూసుకున్నట్టు. ఎడమ పక్క మూడో గొట్టం మొదట్లో, పై బోల్టు దగ్గర, స్పష్టంగా... స్స్‌... స్స్‌...

మరీటా కదల్లేదు. ఎత్తి నిలబెట్టిన బానెట్ ఆమెకీ బండి వెనక భాగానికీ మధ్య గోడలా ఉంది. అవతల ఏముందో కనపడదు. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకి ఆనించి, బండి కింద నుంచి చూసింది.

రబ్బరు గొట్టాలు రెండూ ఊడి నేల మీద పడి ఉన్నాయి. వాటి పక్కన, నూనె మరకలో, రెండు మోకాళ్ళు.

నల్ల పాంటు. శవపేటికలో పెట్టేముందు తనే ఇస్త్రీ చేసి తొడిగిన పాంటు.

అరవాలి. పారిపోవాలి. అవేవీ చెయ్యలేదు. అయ్యో, మంచి పాంటు పాడుచేసుకుంటున్నాడు, అనుకుంది. మొదట వచ్చిన ఆలోచన అదే. ఆ తర్వాతే ఒళ్ళంతా వణుకు పుట్టింది. భయం కాదు... భయమే... కానీ దాని మీదుగా అంతకన్నా పెద్దదేదో పొంగుకొచ్చింది.

లేచి నిలబడింది. బానెట్ పక్క నుంచి తొంగి చూడటానికి ధైర్యం చాల్లేదు. చూస్తే పోతాడేమో!

"హోకన్?"

స్స్‌ప్.

అవును.

"దొరికిందా?" బానెట్ అవతల నుంచి గుసగుస. అంత మోతలో అది చెవి పక్కనే అన్నట్టు వినపడింది.

దొరికింది. పై బోల్టు. చిన్న స్పానర్‌తో పావు తిప్పు తిప్పితే చాలు. స్పానర్ ఆమె డాంగ్రీ జేబులోనే ఉంది.

బిగిస్తే పని అయిపోతుంది. పని అయిపోతే గుడ్డలు వదిలేస్తాడు. లేచి చేతులు దులుపుకుని... ఎటు పోతాడు?

"లేదు," అంది మరీటా. "ఇంకా దొరకలేదు. ఇంకాస్త పట్టు."

బండి విషయంలో అతనికి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది.

పొగ చిక్కబడుతోంది. ఫెండర్‌కి ఆనుకుని నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. ఏవేవో. బడిలో కొత్త పొయ్యి వచ్చిన సంగతి. అతని దుప్పటి ఇంకా ఉతకని సంగతి. పాల ప్యాకెట్టు సంగతి. పాలు నేనే తెచ్చుకుంటానన్నాను కదా, ఎందుకు వెళ్ళావు అని అడిగింది. మధ్య మధ్య ఆ పీల్పు మాత్రం. స్స్‌ప్. స్స్‌ప్. లీకు శబ్దమో, అవునో... రెండూ కలిసిపోయాయి.

"తలుపు," అంది గుసగుస. "చలి."

"స్టూరె తియ్యొద్దన్నాడు..."

"చలి, మరీటా."

ఆ పేరు పలకడం విన్నాక ఆమె ఇంకేం ఆలోచించలేదు. వెళ్ళి కట్టెమొద్దు కాలితో తన్నేసింది. తలుపు దానంతటదే మూసుకుంది. గోడ పట్టుకుని వెనక్కి వచ్చేసరికి కాళ్ళు దూదిలా అయిపోయాయి. కణతలు పోటు పెడుతున్నాయి. ఇది పొగ. ఆమెకి తెలుసు. తెలిసీ... హాయిగా ఉంది. మూడు నెలలుగా పట్టని నిద్ర ఇప్పుడు ముంచుకొస్తోంది.

"ఇలాగే ఉందాం," అంది గుసగుస. "ఆపకు."

మరీటా చల్లటి గోడకి నుదురు ఆనించింది. మొహం గోడ వైపు. పెదాలు కూడా సరిగా కదల్లేదు. తనకి తానే అనుకున్నట్టు, ఊపిరితో మాత్రం అంది: "నువ్వు లేని ఇంట్లో ఆ నిశ్శబ్దం నా వల్ల కావడం లేదురా."

"ఇక్కడ నిశ్శబ్దం లేదు," అంది గుసగుస వెంటనే.

మరీటా కళ్ళు తెరిచింది.

ఏదో తప్పుంది. బుర్ర మొద్దుబారిపోయింది, ఆలోచన చేతికి అందడం లేదు. ఏదో... ఏదో తప్పు...

ముప్ఫై ఏళ్ళ కాపురం. బల్ల దగ్గర ఉప్పు అందివ్వమని అరిస్తే పక్కింటి కుక్క లేచి మొరిగేది, హోకన్ మాత్రం తలెత్తేవాడు కాదు. ఆమె పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. మొహం తిప్పుకుని తిడితే తిట్టినట్టే తెలిసేది కాదు. అదో సరదా కూడా వాళ్ళిద్దరికీ. ఇప్పుడు మధ్యలో బానెట్ ఉంది. ఇంజన్ మోగుతోంది. ఆమె మొహం గోడ వైపు ఉంది.

హోకన్‌కి వినపడదు.

హోకన్ గుసగుసలాడడు కూడా. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో తనకే తెలియనివాడు, చర్చిలో కూడా కేకలేసే మనిషి.

చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. పడుతూ లేస్తూ బండి దగ్గరికి వచ్చింది. చెయ్యి ఎత్తింది. వద్దు, వదిలెయ్యకు... లేదు, వదిలెయ్... దేన్ని కోరుకుంటోందో ఆమెకే తెలియలేదు. బండి మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.

గుడ్డలు వదల్లేదు.

మళ్ళీ కొట్టింది. రెండు.

వదల్లేదు. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై దగ్గింది.

"హోకన్... వదులు."

స్స్‌ప్.

అవునంది. కానీ వదల్లేదు.

మరీటా కిటికీలోంచి లోపలికి వంగి, తడుముకుంటూ తాళం పట్టుకుని తిప్పేసింది. ఇంజన్ ఆగింది.

నిశ్శబ్దం. వేడి గొట్టాలు చిటపటమంటున్నాయి. ఇంజన్ ఆగింది గనక లీకు శబ్దం కూడా ఆగాలి.

స్స్‌ప్... స్స్‌ప్... స్స్‌ప్...

దగ్గరవుతోంది.

నేల మీద పాకింది. తలుపు ఎటుందో గుర్తులేదు. బల్ల కాలు... టైరు... చల్లగాలి సన్నగా తగిలిన వైపు పాకింది. చేతికి కట్టెమొద్దు తగిలింది. పైకి లేచి గడియ పట్టుకుంది.

"నువ్వు హోకన్‌వి కాదు," అంది వెనక్కి తిరగకుండా. అంటుంటే గుండె రెండు ముక్కలైంది. "నువ్వు నా హోకన్‌వి కాదు. ఎవరివో పో!"

అప్పుడు వెనక నుంచి కేక వచ్చింది. గుసగుస కాదు. గరాజు రేకులు అదిరిపోయేంత కేక, మోటుగా, ఎత్తుపల్లాలు తెలియని చెవిటివాడి గొంతుతో.

"మరీటా!"

ఒక్క మాటే. మధ్యలో తెగిపోయింది, ఎవరో నోరు మూసినట్టు.

ఆమె చెయ్యి గడియ మీద ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో ఆ తర్వాత కూడా చెప్పలేకపోయింది. తలుపు ఎలా తెరిచిందో కూడా తెలియదు. మంచు మొహానికి తగలడం ఒక్కటే గుర్తు.

స్టూరె మూతపెట్టిన గిన్నె పట్టుకుని వస్తూ ఆమెని చూశాడు. గిన్నె అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు.

ఆస్పత్రిలో ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. డాక్టర్ చిన్న పిల్ల, ఓపిగ్గా విని చెప్పింది: ఆ విషం తలకెక్కితే లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. మనసు ఎవరి కోసం కొట్టుకుంటుందో వాళ్ళే వస్తారు. మరీటా తల ఊపింది. అలా అనుకుంటే నొప్పి కాస్త తక్కువ. గొట్టాల క్లిప్పులు సరిగా పడలేదేమో. గుడ్డ పట్టుకోలేదేమో. లీకు దానంతటదే పెద్దదైందేమో. అంతా పొగే.

ఇంటికి పంపిన రోజు స్టూరె వచ్చి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా తనని తానే తిట్టుకున్నాడు.

"బుద్ధిలేని ముండావాణ్ణి. ముద్దలు చిట్లితే చిట్లేవి. నిన్నొదిలి వెళ్ళాను చూడు."

"నువ్వేం చేస్తావు ముసలోడా! ఆగమన్నావు, ఆగలేదు."

"ఆ బండి నా కొట్టంలోకి తోయించేస్తాను. నీ కళ్ళ ముందు ఉండొద్దు."

"ముందు ఒకసారి చూడనీ."

అతను వద్దన్నా వినలేదు. మిట్టమధ్యాహ్నం, ఆ కాస్త వెలుతురు ఉన్నప్పుడే, ఇద్దరూ గరాజులోకి వెళ్ళారు. తలుపు బార్లా తెరిచి పెట్టారు. లోపల ఎవరూ లేరు. నేల మీద రబ్బరు గొట్టాలు పడున్నాయి. తడిసి, గడ్డకట్టి, బిరుసెక్కిన రెండు గుడ్డలు వాటి పక్కన. మరీటా వాటిని చూసింది. తను తడిపినవి కావు.

స్టూరె ముందుగా బండి వెనక్కి వెళ్ళాడు. వెళ్ళి ఆగిపోయాడు.

"మరీటా. ఇటు రాకు."

ఆమె వచ్చింది.

తెల్లటి బంపర్ మీద, ఎడమ సైలెన్సర్‌కి కాస్త పైన, మసితో పడ్డ చేతి గుర్తు. ఎడమ చెయ్యి. చిటికెన వేలు సగమే ఉంది. హోకన్‌ది సామిల్లు రంపం తినేసిన వేలు. పెళ్ళి ఉంగరం తొడిగేటప్పుడు అప్పటికే అది సగం లేదు. ఆ అరచేతిని ఎక్కడున్నా గుర్తుపడుతుంది మరీటా. ఆ వేళ్ళు బంపర్‌ని గీరుకుంటూ పక్కకి జరిగినట్టు మసి చారలు. వదిలించుకోబోయినట్టు.

దాని మీద ఇంకో చెయ్యి గుర్తు. పెద్దది. ముంజేతి దాకా. కింద చేతిని కదలనివ్వకుండా అదిమి పట్టినట్టు, వేలి మీద వేలు. స్టూరె ఆ పై వేళ్ళు మనసులో లెక్కపెట్టబోయి, మధ్యలో ఆపేసి, మొహం తిప్పుకున్నాడు.

"విన్నాడు," అంది మరీటా. "నేను రెండు దెబ్బలు కొడితే... వాడికి తెలిసింది. వదలబోయాడు. వదలనివ్వలేదు. నేనేమన్నానో తెలుసా స్టూరె? నువ్వు నా హోకన్‌వి కాదన్నాను. పొమ్మన్నాను..."

"అమ్మాయ్, పద. బయటికి పద."

"వాణ్ణి దాంతో పాటు ఇక్కడ వదిలేసి పోయాను."

అతను భుజం పట్టుకుని లాగుతున్నా వినకుండా, బల్ల మీది పొడిగుడ్డ అందుకుని కిరోసిన్ చల్లింది. ఆ పెద్ద చేతిని తుడవబోయింది. దాన్నొక్కదాన్ని. పైదాన్ని మాత్రమే. ఒక్క తుడుపు తుడిచింది.

పొట్టి వేలున్న చెయ్యి చటుక్కున చెరిగిపోయింది, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు. ఆమె కెవ్వుమంది. ఆ తర్వాత పిచ్చిపట్టినట్టు ఎంత రుద్దినా, గుడ్డ చిరిగి కింద తెల్లరంగు లేచిపోయి ఇనుము బయటపడ్డా, పైనున్న చెయ్యి మాత్రం చెరగలేదు.